పురుగుల్ని తినే మొక్కల్ని క్రాస్ చేయడం: కోనసీమ డాబా మీద తరచుగా అడిగే ప్రశ్నలు

మా డాబా మీదకి మొదటిసారి వచ్చినవాళ్లు అడిగేది ఒకటే, వేలు పెడితే కొరుకుతుందా అని. కొరకదు. రెండోసారి వచ్చినవాళ్లే అసలు ప్రశ్నలు అడుగుతారు: పువ్వొచ్చింది ఏం చెయ్యాలి, విత్తనం కడుతుందా, రెండు రకాలు కలపొచ్చా అని. ఫోన్లో చెప్పిందే చెప్పి విసుగొచ్చి అన్నీ ఒకచోట రాసి పెట్టాను. నేను వృక్షశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాదు. అమలాపురం దగ్గర ఒక డాబా, దాని మీద సగం ఎండ ఆపే గ్రీన్ నెట్, ఎనిమిదేళ్లుగా చచ్చినవి చావగా మిగిలిన మొక్కలు, అదీ నా అనుభవం.

క్రాస్ చేయడం అంటే జన్యుమార్పిడి లాంటిదేనా?

కాదండీ. ఒక మొక్క పుప్పొడి తెచ్చి ఇంకో మొక్క పువ్వులో కీలాగ్రానికి, అంటే పుప్పొడి పట్టే ఆడ కొసకి, అంటించడం, అంతే. తుమ్మెద చేసే పనే మనం చేస్తాం, కాకపోతే దేనికి దేన్ని అంటించామో రాసుకుంటాం. మార్టేరు వరి పరిశోధనా కేంద్రంలో వశిష్ఠనీ మసూరినీ కలిపి తీసిందే మనం తిన్న స్వర్ణ, ఎంటీయూ 7029. అంబాజీపేటలో ఈస్ట్ కోస్ట్ టాల్ కొబ్బరినీ గంగబొండాన్నీ కలిపితే గోదావరి గంగ వచ్చింది. అంత దూరం కూడా అక్కర్లేదు, గుమ్మడిపాదుకి పొద్దున్నే మగపువ్వు తుంచి ఆడపువ్వుకి రాసిన అలవాటుంటే మీకు సగం పని వచ్చినట్టే.

మన ఎండల్లో ఏ రకాలతో మొదలుపెట్టాలి?

ఇదొక్కటి సరిగ్గా తేల్చుకోకపోతే కింద రాసిందంతా వృథా, అందుకని కొంచెం పొడుగ్గా చెబుతాను.

నెపెంథిస్ అంటే ఆకు చివర కూజా కట్టి అందులో పడ్డ పురుగుల్ని తినే మొక్క. ఈ కూజా మొక్కల్లో కొండల మీద పెరిగేవి కొన్ని, పల్లంలో పెరిగేవి కొన్ని. ఫొటోల్లో చూసి మనం మనసు పారేసుకునేవి చాలావరకు కొండవి. వాటికి రాత్రిపూట 12 నుంచి 15 డిగ్రీల చల్లదనం కావాలి. మనకి మే నెలలో రాత్రి రెండింటికి డాబా పిట్టగోడ మీద చెయ్యి పెట్టినా వెచ్చగానే తగులుతుంది. ఏసీ గదిలో గాజు పెట్టె కట్టి పెంచేవాళ్లున్నారు, వాళ్ల ఓపికకి దణ్ణం, కరెంటు బిల్లుకి ఇంకో దణ్ణం.

పల్లం రకాలు వేరు. మిరాబిలిస్, ఆంపులేరియా, రఫ్లేసియానా, గ్రాసిలిస్ లాంటివి బోర్నియో, సుమత్రా, మలయా వైపు పగలూ రాత్రీ ఉక్కపోసే చోట పెరిగినవి. మన ఉక్క వాటికి పుట్టింటి ఉక్కలాగే ఉంటుంది. మనకి లేనిదల్లా ఎండాకాలంలో తేమ. పడమటి గాలి తిరిగిందంటే ఆకు బతుకుతుంది గానీ ఆకు చివర కూజా కట్టదు, కట్టిన మొగ్గ కూడా పెసరగింజంత ఉండగానే మాడిపోతుంది. వీటితోపాటు వెంట్రాటా అని ఒకటుంది, వెంట్రికోసాకీ గ్రాసిలిఫ్లోరాకీ పుట్టిన హైబ్రిడ్. గ్రాసిలిఫ్లోరాని ఒకప్పుడు అలాటా అనేవారు, అమ్మేవాళ్లు ఇప్పటికీ అలాటా అనే అంటారు. కడియపులంక వైపు నర్సరీల్లో వేలాడే కుండీల్లో నాకు ఎక్కువగా కనిపించింది ఇదే. ఇది పల్లం మొక్క కాదు, కానీ మొండిది.

నా పద్ధతి ఇది. ఏది అందంగా ఉందని చూడను, మా డాబా మీద రెండు రోహిణి కార్తెలు దాటిందా అని చూస్తాను. దాటినవాటినే తల్లిగానో తండ్రిగానో పెట్టుకుంటాను. రోళ్లు పగిలే రోహిణిలో బతికిన రెండు మొక్కల్ని కలిపితే పిల్లల్లో ఒకటో రెండో ఇంకాస్త గట్టివి వస్తాయని ఆశ. బయటివాళ్లు రంగు కోసం, సైజు కోసం క్రాస్ చేస్తారు. మనం మే నెల కోసం చెయ్యాలి.

మా కూజా మొక్క పూసింది. విత్తనం కడుతుందా?

ఒక్కటే ఉంటే కట్టదు. నెపెంథిస్‌లో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. తాటిచెట్లు చూడండి, పోతుతాడికి గెలలు తప్ప కాయ ఉండదు, ముంజెలు పెంటితాడికే. ఇదీ అంతే. పూసేదాకా ఏదో తెలీదు, చెప్పగలనన్నవాణ్ణి నమ్మకండి.

పూసినప్పుడు తేలిక. పొడుగాటి కాడ మీద చిన్న చిన్న పువ్వులు వస్తాయి, రేకులు నాలుగే, అవీ అసలు రేకులు కావు. మధ్యలో చిన్న కాడ నిలబడి దాని మీద ఆవగింజంత పసుప్పచ్చ ఉండ ఉంటే మగది, ఆ ఉండే పుప్పొడి. ఉండ లేకుండా మధ్యలో లావుగా, ఆకుపచ్చగా బుల్లి బెండకాయలాంటిది ఉండి, కొన మీద తడితడిగా మెరుస్తుంటే ఆడది.

నా తెలివితక్కువ పని ఒకటి చెప్పుకోవాలి. నా మొదటి వెంట్రాటా మగదని తేలాక, దానికి జోడీ తెద్దామని అదే నర్సరీకి వెళ్లి అదే బల్ల మీదున్న ఇంకోటి 350 ఇచ్చి కొన్నాను. ఏణ్ణర్ధం పెంచాను. అదీ పూసింది, అదీ మగదే. టిష్యూ కల్చర్‌లో ఒక్క మొక్క నుంచి వేలు తీస్తారు కదా, బల్ల మీదున్నవన్నీ ఒకే మొక్కకి నకళ్లు. పదింటిని కొన్నా పదీ మగవే అయ్యేవి. ఆ నర్సరీ ఆయన్ని అడిగితే "మగాడా ఆడదా అని ఎవరడిగారండీ ఇప్పటిదాకా, ఆయ్" అని నవ్వేశాడు. తప్పు ఆయనది కాదు లెండి.

మగదీ ఆడదీ ఒకేసారి పూయవు కదా, మరెలా?

పుప్పొడి దాచుకోవాలి. మగపువ్వు విచ్చుకుని పసుపు పొడి రాలుతున్నప్పుడు పొద్దున్న మంచు ఆరాక పువ్వుల్ని తుంచి బటర్ పేపర్ మీద విదిలించండి. ఆ కాగితాన్ని ఆయుర్వేదం పొట్లంలా మడిచి, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం పక్కన గాలి చొరని డబ్బాలో ఒక రోజు ఉంచి, తర్వాత ఫ్రీజర్‌లో పెట్టండి. తడి తగలకపోతే కొన్ని నెలలు పనిచేస్తుంది. బయటికి తీశాక డబ్బా మామూలు వేడికి వచ్చేదాకా మూత తియ్యకండి, లేకపోతే లోపల చెమ్మ పట్టి మొత్తం పోతుంది. నాకు ఒకసారి అలాగే పోయింది.

నా వెంట్రాటా పుప్పొడి ఇలాంటి పొట్లంలోనే కట్టి జేబులో పెట్టుకుని నేను అమలాపురంలో బస్సెక్కి యానాం మీదుగా కాకినాడ వెళ్లాను. అక్కడొకాయన దగ్గర ఆడ మిరాబిలిస్ పూసిందని తెలిసింది. పెళ్లిసంబంధానికి వెళ్తున్నట్టే ఉంది నాకైతే. విత్తనాలు చెరిసగం అని ఒప్పందం. ఈ హాబీలో మొక్కల కంటే ముందు మనుషులు కావాలి, ఎవరి దగ్గర ఏది పూసిందో తెలియాలి.

అంటించడం ఎలాగో చేత్తో చూపించినట్టు చెప్పండి.

కాడ మీద పువ్వులు కింద నుంచి పైకి విచ్చుకుంటూ పోతాయి, అన్నీ ఒక్కరోజు కాదు. అందుకని మూడు నాలుగు రోజుల పని పెట్టుకోండి. ఆడపువ్వు కొన మీద తడి మెరుపు ఉందా చూడండి, కళ్లజోడు పెట్టుకుని చూడండి, మొబైల్ టార్చ్ పక్క నుంచి వేస్తే చెమట బొట్టులా మెరుస్తుంది. అదే సమయం. తాజా మగపువ్వు దొరికితే దాన్నే పట్టకారుతో పట్టుకుని ఆ మెరుపు మీద మెల్లగా రుద్దండి, ఆకుపచ్చ కొన పసుపు రాసిన గడపలా అవుతుంది. దాచిన పొడి అయితే అగ్గిపుల్ల చివరతోనో సన్న బ్రష్‌తోనో. మర్నాడు మళ్లీ, ఆ మర్నాడు మళ్లీ.

పని అయ్యాక కాడకి సంచి తొడగాలి. పెళ్లిళ్లలో తాంబూలం పెట్టి ఇస్తారే, పల్చటి నెట్ సంచి, తాడు లాగితే మూతి బిగుస్తుంది, అది దీనికోసమే కుట్టినట్టుంటుంది. చీమలూ ఈగలూ వేరే పుప్పొడి తేకుండా ఆపుతుంది, కాయ పగిలినప్పుడు విత్తనాలు గాలికి పోకుండానూ ఆపుతుంది. అంటుకున్నదీ లేనిదీ రెండు మూడు వారాల్లో తెలిసిపోతుంది. అంటుకున్న పిందె ఉబ్బుతుంది, లేనిది వాడి రాలుతుంది. కాయ గోధుమరంగు తిరిగి నాలుగు పాయలుగా పగలడానికి రెండు మూడు నెలలు.

డ్రాసెరా సంగతేంటి? అది చిన్నది, తేలిక అంటారు.

ఆకుల మీది జిగురు బొట్లతో పురుగుల్ని పట్టే మొక్క ఇది. పెంచడం తేలిక, క్రాస్ చేయడం కాదు. డ్రాసెరా పువ్వు ఎండ వచ్చాక కొన్ని గంటలే విచ్చుకుంటుంది, ముడుచుకునేటప్పుడు చాలా రకాల్లో దాని పుప్పొడి దానికే అంటుకుపోతుంది. మీరు టిఫిన్ తిని డాబా ఎక్కేసరికి దాని పెళ్లి అయిపోయి ఉంటుంది. అందుకని విచ్చుకోగానే, పుప్పొడి ఉండే పరాగకోశాలు పగలకముందే సన్న పట్టకారుతో వాటిని మోసే కేసరాలు తీసెయ్యాలి. పువ్వు మొత్తం సెంటీమీటర్ ఉంటే గొప్ప, కాబట్టి చెయ్యి వణక్కూడదు.

ఇంకో చిక్కు క్రోమోజోముల లెక్క. రెండు జాతుల లెక్క కలవకపోతే పిల్ల బాగానే పెరుగుతుంది గానీ కంచరగాడిదలా గొడ్డుపోతుంది. అయితే ప్రకృతిలోనే దీనికి విరుగుడు జరిగింది. జపాన్‌లో దొరికే టోకాయెన్సిస్ అనే డ్రాసెరా రొటుండిఫోలియాకీ స్పాతులాటాకీ పుట్టిన సంకరం, క్రోమోజోములు రెట్టింపై మళ్లీ విత్తనం కట్టే జాతిగా నిలబడింది. ఉత్తర అమెరికా ఆంగ్లికా కథా అలాంటిదే, అందులో రొటుండిఫోలియాతో కలిసింది లినియారిస్. మీ హైబ్రిడ్ గొడ్డుదైనా బెంగ అక్కర్లేదు, ఒక ఆకు గిల్లి వాన నీళ్లలో వేసి కిటికీ దగ్గర పెడితే కొన్ని వారాల్లో ఆకు మీదే పిలకలు లేస్తాయి.

మన తూర్పు కనుమల్లో చిత్తడి నేలల్లో బర్మానీ, ఇండికా అనే డ్రాసెరాలు వాటంతటవే పెరుగుతాయి. కనిపిస్తే ఫొటో తీసుకోండి, పీకకండి.

సారాసీనియా, వీనస్ ఫ్లైట్రాప్?

సారాసీనియా ఇంకోరకం కూజా మొక్క, ఫ్లైట్రాప్ ఆకు రెండు రెక్కలూ మూసి పురుగుని పట్టేది. రెండూ అమెరికావి, రెండింటికీ చలికాలం నిద్ర కావాలి, మూడు నెలలు 10 డిగ్రీల లోపు. మన పుష్యమాసం వాటికి వేసవి సెలవుల్లా ఉంటుంది. చేసేవాళ్లు దుంపని కడిగి, తడి నాచులో చుట్టి, కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుతారు. నేనూ రెండేళ్లు చేశాను. దోసెల పిండి గిన్నె పక్కన మట్టి వాసన కవరు చూసి మా ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయలేను. మూడో ఏడు కరెంటు పోయిన ఒక తుఫానులో దుంప కుళ్లింది, విషయం అంతటితో ముగిసింది.

కానీ క్రాస్ చేయడానికి సారాసీనియా అంత ఉదారమైన మొక్క ఇంకోటి లేదు. అందులో జాతులన్నీ ఒకదానితో ఒకటి కలుస్తాయి, పిల్లలు మళ్లీ విత్తనం కడతాయి. పువ్వు తల్లకిందులుగా వేలాడుతుంది, లోపల గొడుగు తిరగేసినట్టు ఉంటుంది, పుప్పొడి ఆ గొడుగులో రాలుతుంది. కీలాగ్రాలు గొడుగు అయిదు కొసల్లో లోపలివైపు బుల్లి మొనల్లా ఉంటాయి. కొత్తవాళ్లు గొడుగు మధ్యలో రుద్దేసి విత్తనం రాలేదంటారు. విత్తనాలకి కూడా ఓ నెల తడి చలి చూపించాకే మొలక.

ఫ్లైట్రాప్ ఒకటే జాతి, కాబట్టి క్రాస్ అంటే దాంట్లో రకాల మధ్యే. పుప్పొడి ముందు రాలుతుంది, కీలాగ్రం తర్వాత కుచ్చులా విచ్చుకుంటుంది. బక్క మొక్క అయితే పూకాడ మొలవగానే కోసెయ్యండి, పూత దాన్ని పీల్చేస్తుంది.

సారాసీనియాకీ నెపెంథిస్‌కీ క్రాస్ చెయ్యొచ్చా? రెండూ కూజాలే కదా.

కుదరదు. గబ్బిలానికీ కాకికీ రెండింటికీ రెక్కలున్నాయి.

నీళ్లు ఏవి పొయ్యాలి?

వాన నీళ్లు. మిగతాదంతా వాన నీళ్లు అయిపోయినప్పటి సంగతి. ఈ మొక్కలు పోషకాలు లేని నేలలో పుట్టాయి, ఉప్పులు తగిలితే వేర్లు మాడతాయి. నీళ్లలో కరిగిన ఉప్పులెంతో చూపించే టీడీఎస్ మీటర్ ఒకటి కొనుక్కోండి, 50 పీపీఎం లోపు మంచిది, 100 దాటితే వద్దు. సముద్రం వైపు ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పన, వాటితో ఈ మొక్కలు బతకవు. ఆర్ఓ నీళ్లయితే మీటర్ పెట్టి చూశాకే, రుచి కోసం మళ్లీ ఖనిజాలు కలిపే మిషన్లున్నాయి. ఏసీ నుంచి కారే నీళ్లు బాగానే పనికొస్తాయి. ఎండాకాలం కాలవలు కట్టేసే రోజులకి డ్రమ్ముల్లో వాన నీళ్లు ఉండేలా ముందు ఏడాదే చూసుకోవాలి. నాకు 200 లీటర్లవి మూడు డ్రమ్ములున్నాయి, ఏప్రిల్ ఆఖరికి అడుగు కనిపిస్తుంది.

కొబ్బరి పొట్టు మనకి ఫ్రీగా దొరుకుతుంది కదా, అందులో నాటొచ్చా?

నాటొచ్చు, కడిగితేనే. నేను మొదటేడాది పీచు మిల్లు దగ్గర గుట్ట నుంచి బస్తా తెచ్చి అలాగే నాటేశాను. ఇరవై రోజుల్లో ఆకు చివర్లు కాలిన అప్పడంలా అయ్యాయి. కొబ్బరి డొక్కలోనే పొటాషియం, సోడియం ఉప్పులుంటాయి, ఉప్పుటేటి నీళ్లలో నానబెట్టినవైతే మరీను. బకెట్లో నానబెట్టి, పిండి, పారబోసి, మళ్లీ నానబెట్టాలి. నేను ఏడెనిమిది సార్లు చేస్తాను, పిండిన నీళ్ల రీడింగు పోసిన నీళ్ల రీడింగుకి దగ్గరయ్యేదాకా. సగం అది, సగం పెర్లైట్ అనే తేలికపాటి తెల్లటి గుళ్లు, పైన కాస్త స్ఫాగ్నం నాచు. పశువుల ఎరువు, యూరియా, డీఏపీ ఏవీ వేర్ల దగ్గరికి రానివ్వకండి. మా అమ్మ ప్రేమకొద్దీ ఒక కుండీలో వర్మీకంపోస్టు వేసింది. ఆ మొక్క ఇప్పుడు లేదు.

విత్తనం వేశాక ఎన్నాళ్లకి పూస్తుంది?

నెపెంథిస్ విత్తనం చిక్కుడు పీచుముక్కలా సన్నగా ఉంటుంది, వెలుతురుకి పట్టుకుంటే మధ్యలో చిన్న ఉబ్బు కనిపించాలి, లేకపోతే తాలు. నిల్వ ఉండదు, తీసిన వారంలో చల్లండి. తరిగిన నాచు మీద చల్లి, మట్టి కప్పకుండా, మూత ఉన్న స్వీట్ డబ్బాలో పెడితే నెల నుంచి రెండు నెలల్లో మొలకలొస్తాయి. ఏడాదికి రూపాయి బిళ్లంత అవుతుంది. పూయడానికి నాలుగైదేళ్లు, ఒక్కోటి ఇంకా ఎక్కువ. కొబ్బరి చెట్టు వేసినవాళ్లకి ఇదేం పెద్ద లెక్క కాదు.

పిల్లలన్నీ ఒకేలా వస్తాయా?

రెండు అసలు జాతుల్ని కలిపితే మొదటి తరం చాలావరకు మధ్యస్థంగా, ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. తల్లో తండ్రో అప్పటికే హైబ్రిడ్ అయితే ఇక ఎవరి దారి వారిది. కొత్తపల్లి కొబ్బరి మామిడి టెంక పాతితే కొత్తపల్లి కొబ్బరి రాదు కదా, అందుకే అంటు కడతాం. ఇక్కడా నచ్చిన పిల్లని కొమ్మ కత్తిరించి పెంచుకోవాలి, విత్తనంతో అదే మళ్లీ రాదు. అసలు పని ఏరివేతే. వందలో తొంభై అయిదు మామూలువి, వాటిని పంచిపెట్టెయ్యండి లేదా చావనివ్వండి, జాలిపడి అన్నీ ఉంచుకుంటే డాబా నిండిపోతుంది.

లేబుల్ మీద ఏం రాయాలి?

తల్లి పేరు ముందు, ఇంటూ గుర్తు, తర్వాత తండ్రి పేరు, అంటించిన తేదీ, చల్లిన తేదీ. పెన్సిల్‌తో రాయండి. మార్కర్‌తో రాసినవి మన ఎండకి ఒక్క వేసవిలో తెల్లబోతాయి. నా దగ్గర పద్నాలుగు కుండీలు ఇప్పుడు అనాథలు, ఎవరి పిల్లలో తెలీదు.

కొత్త రకం వస్తే మన పేరు పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. మాంసాహార మొక్కల రకాల పేర్లు నమోదు చేసే అంతర్జాతీయ బాధ్యత ఇంటర్నేషనల్ కార్నివోరస్ ప్లాంట్ సొసైటీది. ఫొటో, వర్ణన, మిగతా రకాల నుంచి తేడా రాసి పంపాలి. 1959 నుంచి రకాలకి లాటిన్ రూపంలో కొత్త పేర్లు ఒప్పుకోరు, తెలుగు పేరు పెడితే ఇబ్బంది లేదు. నాకైతే పల్చటి గోడల కూజా వస్తే పూతరేకు అని పెట్టాలని ఉంది. ఆత్రేయపురంవాళ్లు ఏమీ అనుకోకపోతే. పేరు పెట్టడానికి తొందరపడేవాళ్లే ఎక్కువ, మూడేళ్లు చూశాక పెట్టండి.

మేఘాలయ కూజా మొక్క ఖాసియానా మనదే కదా, దాంతో చెయ్యొచ్చా?

భారతదేశంలో సహజంగా పెరిగే నెపెంథిస్ అదొక్కటే. వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందా, అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందం మొదటి జాబితాలోనూ ఉంది. అడవి నుంచి తేవడం నేరం, పెంచడానికీ లైసెన్సు గొడవ ఉంది. నేను దాని జోలికి పోను.

వీటివల్ల ఇంట్లో దోమలు తగ్గుతాయా?

తగ్గవు. కూజాల్లో పడేవి ఎక్కువగా చీమలు. పైగా కుండీ కింద ట్రేలో నీళ్లు నిలవుంచితే దోమలు మీరే పెంచినట్టు, రెండు రోజులకోసారి పారబొయ్యండి. అడవుల్లో అయితే కూజా నీళ్లలోనే పెరిగే దోమపిల్లలు కూడా ఉన్నాయి.

మరి పరాగసంపర్కానికి వచ్చే పురుగుల్ని కూడా తినేస్తుందా?

మంచి ప్రశ్న. చాలావాటిలో పూకాడ ఉచ్చులకి దూరంగా, ఎత్తుగా లేస్తుంది. ఫ్లైట్రాప్‌లో పువ్వు మీద వాలేవీ ఉచ్చులో పడేవీ చాలావరకు వేరువేరు పురుగులని చూసినవాళ్లు తేల్చారు.

మన గోదావరి జిల్లాల్లో ఇలాంటి మొక్క ఏదీ లేదా?

ఉంది, రోజూ చూస్తూనే ఉంటారు. చెరువుల్లో, బోదెల్లో నీటి మీదకి పసుప్పచ్చ పూలతో లేచే యుట్రిక్యులేరియా. కింద జుట్టులాంటి ఆకులకి ఆవగింజల్లాంటి తిత్తులుంటాయి, నీటిపురుగు తగిలితే సెకనులో వెయ్యో వంతు కూడా పట్టకుండా లోపలికి లాగేస్తుంది. ఒక పాయ తెచ్చి గాజు గ్లాసులో వేసుకుని చూడండి. క్రాస్ చేయడానికి మాత్రం నా కళ్లు సరిపోవు.

ఆన్‌లైన్‌లో నీలం రంగు ఫ్లైట్రాప్ విత్తనాలు ఉన్నాయి, కొననా?

అలాంటిదే లేదు. ఫొటోకి రంగేశారు. ఒకాయన నాకు మొలకెత్తినవి చూపించాడు, తోటకూర.

ఇంతకీ మీ మిరాబిలిస్, వెంట్రాటా క్రాస్ ఏమైంది?

నా వాటాకి వచ్చిన విత్తనాల్లో అరవై దాకా మొలిచాయి. మిరాబిలిస్‌కి రాత్రి వేడి ఒక లెక్క కాదు, తడీ లెక్క కాదు, కానీ కూజా గోడ పల్చన, పొడిగాలికి ఆగదు. వెంట్రాటా కూజా దళసరి, వేడి రాత్రులకి అలుగుతుంది. రెండింటి మంచీ ఒకదానిలో రావాలని నా లెక్క. మొదటి మే నెల పూర్తయ్యేసరికి ముప్ఫై ఒకటి మిగిలాయి, రెండో మే తర్వాత తొమ్మిది. మొన్న మూడోది. నాలుగు మిగిలాయి, మూడింటికి ఎండాకాలమంతా ఒక్క కూజా కట్టలేదు. నాలుగోది, డ్రమ్ము నీడలో ఉన్నది, రోహిణి మధ్యలో వడగాలి కొడుతుండగానే మూత తెరిచింది. బొటనవేలంత కూజా, అంచు చుట్టూ ఎర్రగీత, లోపల రెండు చీమలు. అది మగదో ఆడదో ఇంకా తెలీదు.